రెండు ఆంపుల నడుమ నా చెయ్యి

ఆ మాట ఎవరో చాటున అనుకుని ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. మా ఆర్కెస్ట్రా లీడరు దాన్ని మైకులో అన్నాడు. తిరుపతిలో ఒక కల్యాణ మంటపం, మధ్యాహ్నం భోజనాల వేళ, హాలు నిండా జనం. పాట మధ్యలో గిటారు ఒంటరిగా మోగే చోటు వచ్చింది. వాయించాను. అది అయీ అవగానే ఆయన నవ్వుతూ మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"మా గిటారు పాపకు ఈపొద్దు ఎవరూ అన్నం పెట్టినట్టు లేదప్పా! చేతిలో సత్తువే లేదు. పెండ్లివాళ్లు కొంచెం సూసుకోండి."

హాలంతా నవ్వింది. వడ్డించేవాళ్లు సాంబారు బకెట్లు పట్టుకుని నిలబడి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ నా ఒళ్లు మండేది దానికే. ఆయన అన్నందుకు సగం, నేను పళ్లికిలించినందుకు సగం.

నా చేతిలో సత్తువ లేదట! మాది నగరి. పవర్‌లూమ్ మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. బడికి పోకముందు నూలు కండెలు చుట్టి, బడి నుంచి వచ్చాక మళ్లీ చుట్టిన చెయ్యి ఇది. ఆ చెయ్యి గురించి మైకులో మాట్లాడతాడా?

ఆర్కెస్ట్రాలో చేరిన కొత్తలో నేను ఒక్క ఆంప్‌తోనే, అంటే గిటారు శబ్దాన్ని పెంచే స్పీకరు పెట్టెతోనే, వాయించేదాన్ని. అది నా సొంతం. చిన్నదే గానీ తేటగా పలికేది. అప్పుడు నా చేతికి ఎవరూ వంక పెట్టలేదు. తర్వాత లీడరు ఎక్కడి నుంచో ఒక పెద్ద ఆంప్ తెచ్చాడు. దాని స్పీకరు చిరిగిపోయి ఉంటే తనే కొత్తది బిగించి, తనే వైర్లు మెలిపెట్టి టేపు చుట్టాడు. సామాన్ల రిపేర్లన్నీ సొంతంగా చేసుకుంటానని ఆయనకు మహా గొప్ప.

"నీ గిటారును రెండిట్లోకీ ఒకేసారి పంపిస్తాం పాపా. సిన్నదాంట్లో తేటగా, పెద్దదాంట్లో గరగరమని. రెండూ కలిస్తే మంటపం అదిరిపోవల్ల," అన్నాడు.

ఆలోచన మంచిదే, కాదనను. గిటారు వైరు ఒక చిన్న డబ్బాలోకి పోతుంది, అందులోంచి రెండు వైర్లు బయలుదేరి చెరొక ఆంప్‌కూ పోతాయి. వినడానికి నాకూ ఉత్సాహంగానే అనిపించింది. తీరా వాయిస్తే లావుగా రావాల్సిన శబ్దం సన్నబడిపోయింది. గుండెకు తగలాల్సిన మందపు తీగలు నీళ్లు కలిపిన మజ్జిగలా పలికాయి. ఒక్క ఆంప్‌తో వచ్చినంత కూడా రెండిటితో రాలేదు.

లీడరు అందరి ముందూ పరీక్ష పెట్టాడు. పెద్దదాని వైరు పీకేసి చిన్నదొక్కటే వాయించమన్నాడు. బ్రహ్మాండంగా ఉంది. చిన్నదాన్ని పీకేసి పెద్దదొక్కటే వాయించమన్నాడు. అదీ బ్రహ్మాండంగానే ఉంది.

"సూసినావు కదా? రెండు మిషన్లూ బాగుండాయి. ఇంక బాగలేనిది ఏంది? నీ చెయ్యి," అన్నాడు.

డ్రమ్స్ ఆయనా, కీబోర్డు ఆయనా తలలూపారు. అంతకంటే ఘోరం, నేనూ నమ్మేశాను. లావు తీగలు తెప్పించి వేసుకున్నాను. ఇంట్లో పొద్దున లేచింది మొదలు వాయించి వాయించి వేళ్లు పగిలాయి. రసం అన్నం కలుపుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇంట్లో నా చిన్న ఆంప్‌తో వాయిస్తే శబ్దం గోడలకు కొట్టుకునేది. మంటపంలో రెండూ తగిలిస్తే మళ్లీ అదే నీళ్ల మజ్జిగ. ఇంట్లో పులి, బయట పిల్లి అని మా ఆర్కెస్ట్రావాళ్లు వెక్కిరించారు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "అన్నా, పెద్దదాని ఎనక మూత తీసి ఒకసారి సూద్దామా?"

మా ఆర్కెస్ట్రాలో ఒక పద్ధతి ఉంది. ఆయుధ పూజ రోజున సామాన్లన్నిటికీ లీడరే పసుపు రాసి కుంకుమ పెడతాడు. బొట్టు పెట్టిన మూతను మళ్లీ పూజ వచ్చేదాకా ఆయన తప్ప ఇంకెవరూ విప్పకూడదు. సరిగ్గా ఆ స్క్రూల మీదే ఉంటుంది బొట్టు.

"బొట్టు పెట్టిన మూత ఇప్పుతావా? ఆడపిల్లవి, నీకేం తెలుసు? గమ్మునుండు," అన్నాడు.

దేవుడి మీద నాకేం కోపం లేదు. తను చుట్టిన టేపును ఎవరూ చూడకుండా దేవుణ్ణి అడ్డం పెట్టుకున్న మనిషి మీదే నా కోపం.

ఇప్పుడు మా నాయన గురించి చెప్పాలి. నాయన మగ్గాల మెకానిక్కు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. కుడి చెవి దగ్గర గట్టిగా అరిస్తేనే ఏమైనా వినపడుతుంది. కానీ నడుస్తున్న మగ్గం మీద అరచెయ్యి ఆనించి, ఏ నట్టు వదులైందో చెప్పేస్తాడు. నా ఆంప్ మోయడానికని అప్పుడప్పుడూ నాతో వచ్చేవాడు. తిరుపతిలో లీడరు ఆ మాట అన్న రోజు కూడా వచ్చాడు. ప్రోగ్రాముకు ముందు మేం ఆంపులను విడిగానూ కలిపీ సరిచూసుకుంటుంటే స్టేజీ అంచున కూర్చుని చెక్కల మీద చెయ్యి ఆనించాడు.

ప్రోగ్రాం అయిపోయాక, నేను మంటతో వైర్లు చుట్టుకుంటుంటే దగ్గరికి వచ్చాడు.

"మ్మే, ఒకటి పెడితే చెక్క అదరతా ఉండాది. రెండూ పెడితే అదరడం లేదు. అవి ఒకదానికొకటి ఎదురు తిరగతా ఉండాయి. మోటారుకు వైర్లు మార్చి ఇస్తే ఎనక్కి తిరగదా, అట్ట."

నాకు ఎక్కడి కోపమో నెత్తికెక్కింది. లీడరును ఒక్క మాట అనలేకపోయాను కదా, ఎదురుగా నాయన దొరికాడు.

"చెవులు ఇనపడని నీకు పాట సంగతి ఏం తెలుసు నాయనా? గమ్మునుండు!" అన్నాను.

నాయనకు వినపడాలంటే అరవాలి. అరిచాను. ఆర్కెస్ట్రావాళ్లు, పెండ్లివాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, అందరూ విన్నారు. ఆయన ఆంప్ భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచాడు. నేను వెనకాలే గిటారు పట్టుకుని నడిచాను.

ఇంకో ఐదు నెలలు గడిచాయి, పెద్ద ఆంప్ వచ్చి ఏడాది కావచ్చింది. ఆ ఐదు నెలలూ అదే సన్నటి శబ్దం, అవే వెక్కిరింతలు. ఒకరోజు నగరిలో ప్రోగ్రాం అయ్యాక లీడరు చల్లగా చెప్పాడు. "వచ్చే వారం నుంచి గిటారుకు పాకాల నుంచి ఇంకో ఆయన వస్తాడు. ఎల్లుండి పుత్తూరు పెండ్లే నీకు ఆఖరు పాపా. ఏమీ అనుకోవద్దు."

ఏమీ అనుకోవద్దట! ఈ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలు ఎన్ని ఉంటాయి? లీడర్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. చేతిలో సత్తువ లేదని పేరు పడ్డాక నన్ను ఎవరు పిలుస్తారు? మళ్లీ కండెలు చుట్టుకోవాల్సిందే.

వ్యాను వేరే పని మీద పోవాల్సి వచ్చి, రెండు ఆంపులనూ ఆ రోజు మా ఇంట్లోనే దించారు. తెల్లారాక ఆ పెద్దదాన్ని చూసేకొద్దీ నాకు మండిపోయింది. పోయేదాన్ని ఎలాగూ పోతున్నాను, ఇంక నాకు ఎవరి భయం? నాయన భుజం తట్టి మూత చూపించాను. ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చాడు. తిప్పుతుంటే కుంకుమ రాలి ఆయన వేళ్లకంటింది. ఆ వేళ్లను కళ్లకద్దుకుని మరీ స్క్రూలు తీశాడు.

తర్వాత గోడ గడియారంలో సెల్లు ఊడదీశాడు. మొదట నా చిన్న ఆంప్ తీసుకున్నాడు. లోపలి నుంచి స్పీకరుకు పోయే ఎర్ర వైరుకు సెల్లు తల, నల్ల వైరుకు తోక ఆనించాడు. స్పీకరు కాగితం టక్కున ముందుకొచ్చింది. పెద్దదానికీ అలాగే ఆనించాడు. కాగితం వెనక్కి పోయింది. నా చెయ్యి పట్టుకుని కాగితం మీద పెట్టి ఇంకోసారి ఆనించాడు. నిజంగానే వెనక్కి పోతోంది. టేపు విప్పి చూస్తే, ఎర్రది ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది.

"ఒకటి నెడతా ఉంటే ఇంకోటి లాగతా ఉండాది మ్మే. నువ్వు వాయించేదంతా మధ్యలోనే సచ్చిపోతా ఉండాది," అన్నాడు నాయన.

ఒక్కోటీ విడిగా వాయిస్తే ఎటు లాగినా తేడా తెలియదు. అందుకే లీడరు పరీక్షలో రెండూ నెగ్గి నేను ఓడిపోయాను.

నాయన వైర్లు మార్చాడు. రెండిటినీ కలిపి మందపు తీగ ఒక్కసారి లాగాను. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. సంతోషం కాదు, కోపంతో ఏడుపొచ్చింది. ఏడాది! నా వేళ్లు పగలగొట్టుకున్న ఏడాది! తప్పు ఎక్కడుందో చూస్తే, వేలెడంత టేపు కింద.

పుత్తూరుకు నాయననూ వెంటబెట్టుకుని పోయాను. మొదటి పాటకే హాలు దద్దరిల్లింది. డ్రమ్స్ ఆయన తల తిప్పి చూశాడు. వడ్డన కాసేపు ఆగింది. పాట కాగానే లీడరు నా దగ్గరికి వచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పాను, మూత విప్పిన సంగతితో సహా.

"ఓస్, ఇంతేనా! రెండు వైర్లేనా! ఈ మాట ముందే చెప్పుండొచ్చు కదా పాపా," అన్నాడు.

"మైకులో చెప్పండన్నా," అన్నాను.

"ఏందీ?"

"నా చెయ్యి బాగుండాదని, వైర్లు తప్పు పెట్టింది మీరని మైకులో చెప్పండి. ఆ పొద్దు మైకులోనే కదా అనినారు."

ఆయన నవ్వాడు. "పెండ్లింట్లో ఇయ్యన్నీ ఎందుకు? పాకాలాయన్ని రావద్దని చెప్తాలే. నువ్వే ఉండు. సరేనా?" అని వెళ్లి, మైకు తీసుకుని తర్వాతి పాట పేరు చెప్పాడు.

నా చోటు నాకు తిరిగి వచ్చేసింది. ఇంకేం కావాలి అని మీరు అడగొచ్చు. ప్రోగ్రాం ఆఖరు దాకా వాయించాను, ఒక్క తీగ కూడా తప్పలేదు. తర్వాత నా ఆంప్ వైరు పీకి, నా గిటారు తీసుకుని, ఇంక రానని చెప్పి దిగి వచ్చేశాను. నేను పోయాక ఆయన దగ్గర పెద్దదొక్కటే ఉంటుంది. ఒక్కటే అయితే వైర్లు ఎలా పెట్టినా బాగానే పలుకుతుంది. ఆయన తప్పు ఇక ఎప్పటికీ ఎవరికీ వినపడదు. నా మంట ఈ రోజుకీ చల్లారలేదు.

నగరి బస్సు కిక్కిరిసి ఉంది. నాయన ఆంప్ ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. "ఏమన్నాడు?" అని అడిగాడు. మైకులో చెప్పలేదని చేత్తో సైగ చేశాను. ఆయన తలూపి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆంప్ మీద ఆయన చెయ్యి ఉంది. ఆ చేతిని చూస్తుంటే నాకు తిరుపతి మంటపం గుర్తొచ్చింది. అంతమంది వినేలా మాట అన్నది లీడరొక్కడేనా?

లేచి ఆయన కుడి చెవి దగ్గరికి వంగాను.

"నాయనా! ఆ పొద్దు తిరపతిలో నిన్ను అట్ట అనింది తప్పు! నువ్వు చెప్పిందే నిజం!"

బస్సంతా మా వైపు తిరిగింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి చూశాడు. నాయన నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"అరవొద్దు మ్మే, అందరూ సూస్తా ఉండారు," అన్నాడు.

"సూడనీ!" అన్నాను. మళ్లీ మొదటి నుంచి, ఇంకా గట్టిగా చెప్పాను.