శ్రీదుర్గ రెండో గుండు

2003 వేసవిలో శ్రీదుర్గ గుండుతో బస్సు దిగింది. హంసలదీవి దగ్గరి పల్లెపాలెం పిల్ల. పదహారేళ్ళు, అవనిగడ్డలో ఇంటర్ చదువు. రక్తంలో కేన్సరని గుంటూరు ఆసుపత్రిలో మందులు ఎక్కిస్తే జడ రాలిపోయింది. ఈ రహస్యం పాలెంలో ఇద్దరికే తెలుసు: ఆమెకూ, ఆమెను పెంచిన, తాతమ్మ అనే నాయనమ్మకూ.

"తెలిసిందంటే నీ ఎదురుగానే నీకు శోకాలు పెడతారే," అంది తాతమ్మ. శ్రీదుర్గ భయమూ అదే. అందుకని అడిగినవాళ్ళందరికీ తాతమ్మ, "తిరపతి మొక్కు," అని ప్రకటించింది.

కొండకు వెళ్ళొచ్చినవాళ్ళు గడపగడపకూ ప్రసాదం పంచాలన్న ధర్మసూక్ష్మం అప్పుడామెకు తట్టలేదు. తట్టాక, అవనిగడ్డ మిఠాయికొట్టు లడ్డూలు చిదిపి, పచ్చకర్పూరం చల్లి పంచింది. పాలెం కళ్ళకద్దుకుని తిన్నది. స్వామివారి లడ్డూ రుచి ఈమధ్య తగ్గిందని పెద్దలు కొందరు విచారం వెలిబుచ్చారు.

నాలుగు నెలలకు, కొత్తగా మొలిచిన జుట్టు కూడా మందుల పాలైంది. ఆసుపత్రిలో పక్క మంచం కార్తీక్‌ది. గుడివాడ రైసుమిల్లువాళ్ళ అబ్బాయి. మోకాలి ఎముకలో కేన్సర్.

"మళ్ళీ తిరపతేనా? ఈసారి కొండ మీద నీకో గది రాసిచ్చేస్తారు," అన్నాడు.

"నవ్వకు. మీ ఊళ్ళో అందరికీ తెలుసా?"

"తెలీకేం! పరామర్శకొచ్చి, 'పిల్లాడేమన్నా తింటున్నాడా అండీ' అని మా అమ్మనడుగుతారు. నేనక్కడే పెసరట్టు తింటూ ఉంటాను."

శ్రీదుర్గ రెండోసారీ తిరపతి నుంచే దిగింది. ఏడాదిలో రెండు గుండ్లిచ్చిన భక్తురాలు పాలెం చరిత్రలో లేదు. కొత్త పడవ చేయించిన నాంచారయ్య స్వయంగా వచ్చి, తొలి కొబ్బరికాయ ఆమె చేత్తోనే కొట్టాలన్నాడు.

"కొట్టెయ్యవే, కాయేగా," అంది తాతమ్మ అతను వెళ్ళాక.

"ఆరుగురు సముద్రం మీదికి వెళ్తున్నారు నాయనమ్మా. నా గుండు నమ్ముకుని."

 

మర్నాడు పొద్దున ఒడ్డున పాలెమంతా చేరింది. పడవకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నాంచారయ్య కాయ చేతిలో పెట్టాడు.

"మావయ్యా, నేను తిరపతి వెళ్ళలేదు. ఒక్కసారీ వెళ్ళలేదు. నాకు కేన్సరు. గుంటూరు వెళ్ళొస్తున్నాను."

నాంచారయ్య ఆమెనూ, పడవనూ మార్చి మార్చి చూశాడు.

"మళ్ళీ ఎల్లాలా?"

"సోమవారం."

"ఎల్లి వచ్చేస్తన్నావుగా?"

"ఇప్పటిదాకా వచ్చాను."

"మాదీ అదే పని గదమ్మా. కొట్టు."

వెనక ఆడవాళ్ళలో సీతమ్మ ఏడుపు రాగం అందుకోబోయింది.

"ఆపవే!" అని గదిమాడు నాంచారయ్య. "పడవ దింపేటప్పుడు ఏడుపేంటి?"

ఆ ఆచారానికి తిరుగులేదు. పాలెం దుఃఖం యావత్తూ పడవ తిరిగొచ్చేవరకు వాయిదా పడింది. తాతమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. శ్రీదుర్గ కాయ ఎత్తి కొట్టింది. మొదటి దెబ్బకు పగల్లేదు. ఆమె మళ్ళీ ఎత్తింది.