కొండ మీద నేను పేర్చిన ఇల్లు

నా బిడ్డ కొండలెక్కడానికి పోతానన్నప్పుడు నేను వద్దనే అన్నాను. కండ్లకోయలో దాని ఆఫీసు. అక్కడి స్నేహితులు ఐదుగురు, ఇదొకతె. విశాఖపట్నం దాటినాక సముద్రం ఒడ్డున పల్లెలు, ఆ పల్లెల వెనక కొండలు ఉన్నాయట. రైలులో పోయి, రెండు రోజులు ఎక్కి దిగి వస్తారట. మా ఆయన శామీర్‌పేట దగ్గర బండ కొట్టే పనికి పోయేవాడు. ఒకరోజు పొద్దున బండ మీది నుంచి జారాడు, సాయంత్రానికి లేడు. అప్పటికి పిల్లకు నాలుగేళ్ళు. ఆ పిల్లే ఇప్పుడు సెలవు పెట్టి, కొత్త బూట్లు కొనుక్కొని, రాళ్ళ మీదికి పోతానంటే నేనెట్లా పంపుతాను?

"ఎందుకే ఆ గుట్టలు? మన దగ్గర లేవా?" అన్నాను.

"ఉండె. సగం పలగ్గొట్టి అమ్ముకున్నరు. మిగిలినయాటి మీద విల్లాలు కట్టిన్రు."

"పడితే ఎవరు జూస్తరు?"

"నువ్వే జూద్దువు రా! ఇంట్ల కూసోని గంటకోపారి ఫోన్ జేసుడు కంటె నువ్వు గూడ వచ్చుడే నయం."

ఎగతాళికే అంది. నేను మాత్రం ఆ మాటను వదల్లేదు. మరునాడే కొంపల్లిలో నేను వంట చేసే ఇంటివాళ్ళను సెలవు అడిగాను. నేను సంచి సర్దుతుంటే అది తల పట్టుకుంది.

"అమ్మా, నవ్వుతరే అందరు."

"నవ్వనియ్యి. నవ్వితె కాళ్ళిరగవు."

స్నేహితులు మంచి పిల్లలే. రైల్లో నా చపాతీలన్నీ వాళ్ళే తిన్నారు. మొదటి రోజు చిన్న కొండ. ఎక్కాం, దిగాం, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు, ఎందుకంటే మరునాడు ఎక్కేది పెద్ద కొండ.

దారి చూపడానికి ఆ కొండ కింది ఊరి మనిషి ఒకడు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చేతిలో కత్తి, దారికి అడ్డొచ్చిన కొమ్మలు కొట్టుకుంటూ నడుస్తాడు. నేను అతని వెనకే నడిచాను. నా లెక్క నాకుంది. బిడ్డకంటే ముందు నేను నడిస్తే ఏ రాయి కదులుతుందో నాకే మొదట తెలుస్తుంది, వెనక్కి తిరిగి అరిచి చెప్పవచ్చు. అట్లే అరుచుకుంటూ పోయాను. "ఇది ఊగుతాంది, కాలు పెట్టకు! గీడ పాకుడున్నది!" వెనక నుంచి నా బిడ్డ "సరే తల్లీ" అని విసుక్కునేది. ఆ గొంతు వినబడితే చాలు, ఇంకో పది అడుగులు వేసేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు గొంతు వినబడటం మానేసింది. వాళ్ళు ఫోటోలకు ఆగారనుకున్నాను.

సగం కొండ ఎక్కాక దారి రెండుగా చీలింది. దారి చూపే ఆయన కుడివైపు కొమ్మలు కొట్టుకుంటూ ముందుకు పోయాడు. ఊపిరి తీసుకుందామని నేను నిలబడ్డాను. కుడి దారి మొదట్లో రాయి మీద రాయి, మూడు రాళ్ళు పేర్చి ఉన్నాయి. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మా దిక్కు గుట్ట మీది గుడికి పోతే ఆడవాళ్ళం ఇట్లే రాళ్ళు పేరుస్తాం, సొంత ఇల్లు కావాలని మొక్కు. ఎన్ని రాళ్ళు నిలబడితే అన్ని అంతస్తులని నవ్వుకుంటాం. మూడు గదులు మారినా మాది ఇంకా కిరాయి ఇల్లే. ఇక్కడ కూడా మాలాంటి వాళ్ళు వచ్చిపోయారన్న మాట.

ఒకరి ఇంటికి ఆనించి ఇంకొకరు కట్టకూడదు. అందుకని ఎడమ దారి మొదట్లో చదునైన బండ చూసుకొని ఐదు రాళ్ళు పెట్టాను. నేను ఎప్పుడూ ఐదే పెడతాను, ముందు గడపలాగా ఒక చిన్న రాయి. దండం పెట్టుకొని, ఆయన్ని అందుకోవడానికి గబగబా కుడి దారిన ఎక్కాను.

పైకి చేరేసరికి సముద్రం వైపు నుంచి పొగమంచు లేచింది. కాసేపటికి ఆ పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. లెక్కపెట్టాను. ఐదుగురు.

"నా బిడ్డేది?"

"వెనకే ఉంది ఆంటీ. లేసు ఊడితే కట్టుకొని వస్తనన్నది."

చూశాను. చూస్తూనే ఉన్నాను. పది అడుగుల అవతల చెట్టు కూడా కనబడటం లేదు. ఫోన్లు పట్టుకొని అందరూ చేతులెత్తి తిరిగారు, సిగ్నల్ లేదు.

దారి చూపే ఆయన మాత్రం తాపీగా కూర్చున్నాడు. "కంగారు పడకమ్మా. దారి సీలిన కాడల్లా మునుపే మూడేసి రాళ్ళెట్టేను కదా. ఆటిని సూసుకోని వొచ్చెస్తాది."

"ఏం రాళ్ళు తమ్మీ?"

"దారి గుర్తు రాళ్ళమ్మా. ఎనకొచ్చీవోళ్ళ కోసం."

నేను లేచి నిలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు. "గాడ నేను గూడ పెట్టిన," అన్నాను. "ఇంటి కోసం మొక్కిన. ఎడమ దిక్కు పెట్టిన."

ఆయన లేచాడు. తిట్టలేదు. తిడితే బాగుండు. "మీరు కదలకండి," అని పిల్లలకు చెప్పి దిగడం మొదలుపెట్టాడు. నేను వెనకే పడ్డాను.

"ఆ తొవ్వ ఏడికి పోతది?"

"మేకల దారమ్మా. కొంత దూరమెల్లి ఆగిపోద్ది."

"ఆగినంక ఏముంటది?"

ఆయన ఇంకా గబగబా దిగాడు. నా కళ్ళ ముందు శామీర్‌పేట బండ కనబడింది, మా ఆయన చెప్పు ఒక్కటే దాని మీద మిగలడం కనబడింది. చీలిక దగ్గరికి రాగానే ఆ ఐదు రాళ్ళను కాలితో తన్నేశాను. దండం గుర్తుకు రాలేదు, మొక్కు గుర్తుకు రాలేదు.

ఎడమ దారిన పోతుంటే కేక వినబడింది. "అమ్మా!" ప్రాణం లేచొచ్చింది, కానీ ఆ కేక మా వైపు రావడం లేదు. ఎక్కడికో కిందికి పోతోంది. నేను అరవబోతే ఆయన చేయి అడ్డంపెట్టాడు.

"అరవకు. ఉలిక్కిపడతాది."

దారి ఒక బండ మీద ఆగిపోయింది. నా బిడ్డ ఆ బండ అంచున బోర్లా పడుకొని, తల కిందికి వేలాడేసి, లోయలోకి అరుస్తోంది. "అమ్మా! ఓ అమ్మా! మాట్లాడే!" ఆయన వంగి నడుచుకుంటూ పోయి రెండు చేతులతో దాని మడమ పట్టుకున్నాడు. "మెల్లగా ఎనక్కి రా తల్లీ. మీ అమ్మ ఇక్కడే ఉంది."

అది వెనక్కి జరిగింది, తిరిగి చూసింది, నన్ను చూసింది. మోకాళ్ళు గీరుకుపోయి ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను. వచ్చి నా భుజం మీద ఒక్కటి వేసింది.

"ఏడికి పోయినవే? నీ రాళ్ళు జూసి ఇటు వచ్చిన. ఐదు రాళ్ళు, ముందట గడప. గట్ల పెట్టేది నువ్వు గాక ఇంకెవరు? ఇటే పోయినవనుకున్న. ఈడికొస్తె తొవ్వ లేదు, నువ్వు లేవు. కింద పడ్డవనుకున్న!"

"నేను పడలేదు బిడ్డా."

"నాకేమెరుక పడలేదని!"

అరగంట సేపు నేను దాని కోసం చచ్చిపోయినట్టే, అది నా కోసం చచ్చిపోయింది. నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోతే దానికి ఏమీ తెలియలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

పైనున్న పిల్లలను పిలుచుకొచ్చి అందరం దిగడం మొదలుపెట్టాం. నేను అలవాటుగా ముందుకు పోబోతే అది నా కొంగు పట్టి లాగింది.

"నువ్వు నా ఎనుక రా. నేను ఆగమంటె ఆగాలె."

"గట్లనే."

"ఏడ్నన్న రాయి ముట్టుకున్నవో, చూడు మల్ల!"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. మధ్యలో మంచు విడిపోయింది. "ఆంటీ, అటు చూడండి, సముద్రం!" అని వాళ్ళు అంటూనే ఉన్నారు. నేను తల ఎత్తలేదు. నా బిడ్డ బూటు ఎక్కడ పడితే అక్కడే నా కాలు పెట్టుకుంటూ కిందిదాకా దిగాను.