జుబేదక్క ఆపించిన బండి

మొన్న శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి తన కారుకు కెమెరా పెట్టించుకుంటానంటే, తోడుగా దమ్మాంలో ఒక షాపుకు వెళ్ళాను. అక్కడి కుర్రాడు రెండు తీగల్ని మెలిపెట్టి, పైన నల్లటి గొట్టం తొడిగి, లైటరు వెలిగించి వేడి చేశాడు. కాలీ కాలని ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. సీట్లో కూర్చున్న నేను ఒక్క ఉదుటున తలుపు తీసుకుని కిందికి దిగిపోయాను. "ఏమైందమ్మా?" అంది అమ్మాయి. "ఏం లేదు, జుబేదక్క గుర్తొచ్చింది" అన్నాను. తనకు జుబేదక్క పేరు తెలుసు, కానీ మనిషి గుర్తులేదు. ఆ వాసన నన్ను మొదటిసారి భయపెట్టిన రోజుకు అమ్మాయి ఇంకా నా కడుపులోనే ఉంది.

పెళ్ళైన ఏడాదికి ఏలూరు నుంచి సౌదీలోని ఖతీఫ్ వచ్చాను. మా వారు ఒక కంపెనీలో ఇంజినీరు. మాకు అరబ్బీ రాదు, నాకు హిందీ కూడా అంతంతమాత్రమే. పక్క వాటాలో తెలుగు మాట వినిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. అది జుబేదక్కది. వాళ్ళది ప్రొద్దుటూరు. భర్త మస్తాన్ గారు మా వారి కంపెనీలోనే గుమాస్తా. ఇద్దరు ఆడపిల్లలు. అక్క పొడగరి, గట్టి గొంతు, నడకలో తొందర ఉండేది. కానీ ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు మాత్రం కదలకుండా నిలబడేది. చేతిలో గరిటె ఉన్నా, పొయ్యి మీద పాలు ఉన్నా సరే, మాట పూర్తయ్యేదాకా మన ముఖం వైపే చూసేది. అలా వినే మనిషిని నేను అంతకుముందు ఎరగను. మా ఇంట్లో నా మాట పూర్తికాకముందే ఎవరో ఒకరు జవాబు చెప్పేసేవారు.

ఒకసారి రాత్రిళ్ళు గోడలోంచి ఏదో గుయ్‌మంటోందని మా వారితో చెప్పాను. కొత్త ఇల్లు, కొత్త ఊరు, అలాగే ఉంటుందన్నారు. అక్కతో అంటే, వచ్చి గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడింది. చివరికి "నాకేం ఇనపడలేదు పాపా" అంది. నేను సిగ్గుపడ్డాను. "సిగ్గెందుకు? నీకు ఇనపడింది, నువ్వు చెప్పినావు. లేకుంటే మంచిదే. సూసి వచ్చినందుకు మన సొమ్మేం పోలేదు గదా" అంది. ఇంత శ్రద్ధ ఎక్కడిదక్కా అని అడిగాను. వాళ్ళమ్మ తలనొప్పి తలనొప్పి అంటుంటే ఇంట్లో పనికి ఒళ్ళు దాచుకుంటోందని అనుకున్నారట. "ఎవురూ ఇనలేదు. నేనూ చిన్నదాన్నే" అంది. ఆ తలనొప్పితోనే ఆమె పోయిందట.

ఆ తర్వాత కువైట్ యుద్ధం వచ్చింది. కిటికీల సందులకు టేపులు అంటించుకున్నాం. సైరన్ మోగినప్పుడల్లా అక్క పిల్లల్ని చంకనేసుకుని మా వాటాలోకి వచ్చేది, లేదా నేనే వాళ్ళ దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఐదో నెల గర్భిణిని కదా, విషవాయువు సోకకుండా ఇచ్చిన మాస్కు పెట్టుకుంటే ఊపిరాడేది కాదు. చివరికి కుటుంబాల్ని పడమటి తీరానికి తీసుకుపోవడానికి కంపెనీ సెలవిచ్చింది. ఆ తీరంలోని యాన్బులో మా వారి స్నేహితుడి ఇల్లుంది. మస్తాన్ గారి దగ్గర పొడవాటి పాత అమెరికన్ కారుంది. రెండు కుటుంబాలూ అందులో బయల్దేరాం.

చలికాలం. వెనక కూర్చునే పిల్లలకు వెచ్చగా ఉండాలని మస్తాన్ గారు ప్రయాణానికి ముందు రోడ్డుపక్క ఫిట్టరు చేత వెనక సీటు కింద ఒక చిన్న హీటరు పెట్టించారు. ముచ్చటపడి మాకందరికీ చూపించారు కూడా. రియాద్ దాటి చాలా దూరం వెళ్ళాక, మధ్యాహ్నం భోజనాలై పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నప్పుడు, నాకు ఆ వాసన తగిలింది.

"ఏదో కాలుతున్న వాసనొస్తోందండీ" అన్నాను.

మా వారు వెనక్కి తిరిగి నవ్వారు. "నీకీమధ్య అన్నీ వాసనలే. నిన్న మంచినీళ్ళు కూడా వాసనన్నావు."

మస్తాన్ గారు మాత్రం మర్యాదగా బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి చూశారు. "ఏం లేదమ్మా. హీటరు మీద దుమ్ము కాలి అట్లా వచ్చాది" అన్నారు. మళ్ళీ బయల్దేరాం. కొంతదూరం బాగానే ఉంది. తర్వాత మళ్ళీ అదే వాసన, ఈసారి గొంతులో చేదుగా. చెప్పాలంటే నోరు రాలేదు. యుద్ధం, చీకటి పడేలోగా ఏదో ఒక ఊరు చేరాలన్న తొందర, దారి పొడవునా చెక్‌పోస్టులు. పక్కనున్న అక్క నా ముఖం చూసింది.

"మళ్ళా వచ్చాందా?"

తల ఊపాను.

"బండి ఆపండి" అంది భర్తతో.

"ఇప్పుడే గదా సూసినాము."

"కడుపుతో ఉండే మనిషి ముక్కు అది. నాకు రాలేదు, మీకు రాలేదు, ఆయమ్మకు వచ్చాంది. ఆపండి."

ఆగింది. ఆమె అంతటితో ఊరుకోలేదు. నిద్రలో ఉన్న పిల్లల్ని ఇద్దరినీ లాగి కిందికి దించింది. నన్ను చేయి పట్టుకుని రోడ్డు దిగి ఇసుకలోకి నడిపించింది. మగవాళ్ళు విసుగ్గా వెనక సీటు ఎత్తారు. సన్నగా పొగ. చూస్తుండగానే సీటులోని స్పాంజి నారింజరంగు మంటై లేచింది. మస్తాన్ గారు నీళ్ళ డబ్బా కోసం పరుగెత్తారు. మా వారు డిక్కీ వైపు పరుగెత్తారు. అందులో ఆయన చదువు సర్టిఫికెట్లున్న పెట్టె ఉంది.

జుబేదక్క వెళ్ళి ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది. ఆయన ఇంజినీరు, పరాయి మగవాడు, అంతవరకూ ఆయనతో ఎదురుపడి రెండు మాటలాడి ఎరగదు. "వద్దు తమ్ముడూ. కాగితాలు మళ్ళా ఇస్తారు. రా" అంది. ఆయన విదిలించుకోబోయారు. ఆమె వదల్లేదు. లాక్కొచ్చి నా పక్కన నిలబెట్టాక గానీ చొక్కా వదిలిపెట్టలేదు. మరికాసేపటికి కారు మొత్తం అంటుకుంది. మేమందరం ఇసుకలో నిలబడి చూశాం.

అటువైపు వచ్చిన ఒక పాకిస్తానీ లారీ డ్రైవరు బండి ఆపి, "బచ్చే సబ్ ఠీక్ హై?" అని అడిగాడు. "సబ్ ఠీక్ హై భాయ్" అని జవాబిచ్చి, అప్పుడు, అందరూ బాగున్నారన్న మాట తన నోటితో తానే విన్నాక, జుబేదక్క ఇసుకలో కూలబడి ఏడ్చింది. చిన్నకూతురు ఆమె బుగ్గలు తుడిచింది. చూస్తున్న నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చెప్పలేనంత ఆకలి కూడా వేసింది. లారీ అతను ఇచ్చిన రొట్టెలు ఎంత కమ్మగా ఉన్నాయో! బట్టలు పోయాయి, మాస్కులు పోయాయి, పెట్టె పోయింది. మనుషులం మాత్రం ఒక్కరం తగ్గలేదు. మా వారు రొట్టె తుంచి ముందు అక్క చేతికిచ్చారు.

ఎలాగో యాన్బు చేరాక, హీటరు ఎలా బిగించారో మస్తాన్ గారి నోట విని, అక్కడి మెకానిక్కు ఒకతను మాకు విడమరచి చెప్పాడు. ఆ హీటరుకు బ్యాటరీ నుంచి నేరుగా సన్నటి తీగ లాగారు. మధ్యలో ఫ్యూజు లేదు. సీటు బరువుకు స్ప్రింగు ఒరుసుకుని తీగ పైతోలు పోయి, ఇనుముకు తగిలింది. ఫ్యూజు ఉంటే అదే ముందు కాలిపోయి ఆగిపోయేది. అది లేక తీగే ఎర్రగా కాలింది. పైన నిద్రపోతున్నది పిల్లలు. అది విన్నాక మస్తాన్ గారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. అక్క ఆయన ముందు కంచం పెట్టి, "పిల్లలకు చలని పెట్టిచ్చినారు, కాల్చాలని కాదు గదా. తినండి" అంది. ఆ తర్వాత ఎంతమంది మధ్య ఆ కథ వచ్చినా, హీటరు ఎవరు పెట్టించారన్నది ఆమె నోటి వెంట రాలేదు. "పాపకు వాసనొచ్చింది, దిగినాము" అనేది, అంతే.

యుద్ధం ముగిసి తిరిగి ఖతీఫ్ వచ్చాక అమ్మాయి పుట్టింది. పురుడు పోసింది అక్కే. మా వారి సర్టిఫికెట్లకు నకళ్ళు వచ్చాయి. కొన్నేళ్ళకు వాళ్ళు ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. అక్క మనవళ్ళను చూసుకుని, పెద్దగా బాధపడకుండా పోయిందని వాళ్ళ చిన్నమ్మాయి ఫోన్లో చెప్పింది.

నేను ఇక్కడే బడిలో టీచరునయ్యాను. ఇప్పుడు బస్సుల బాధ్యత నాది. ఏ పిల్లో వచ్చి "టీచర్, మా బస్సులో అదోలా ఉంది" అంటుంది. అదోలా అంటే ఏమిటో దానికే తెలియదు. నేను చేస్తున్న పని ఆపి, మాట పూర్తయ్యేదాకా దాని ముఖం వైపే చూస్తాను. తర్వాత ఇద్దరం కలిసి బస్సు దగ్గరికి వెళ్తాం. చాలాసార్లు ఏమీ ఉండదు. డ్రైవరు నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. పిల్ల చిన్నబోకుండా భుజం మీద చెయ్యి వేసి, "మంచిపని చేశావు, రేపు కూడా చెప్పు" అంటాను.