పై వీధి ఉగ్గాని

పంద్రాగస్టు పొద్దున కర్నూలులో మా సందు చివర బండి మీద ఉగ్గాని కలుపుతున్న వాసన వస్తోంది. నానబెట్టి పిండిన బొరుగులు, తాలింపులో మగ్గిన ఉల్లిగడ్డ, పసుపు, పైన చల్లిన పుట్నాలపొడి. అపార్ట్‌మెంటు వాకిట్లో జెండా ఎగరేసి, ఎవరి మిఠాయి వాళ్లు పట్టుకుని లిఫ్టు ఎక్కిపోయారు. నేను ఆ వాసన వెంటబడి నడిచాను. చెప్పి రావాల్సినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు కనుక తాళం వేస్తే సరిపోయింది.

మాది పత్తికొండ పక్కన చిన్న పల్లె. నడుమ రచ్చకట్ట, ఈ పక్క మా కింది వీధి, ఆ పక్క పై వీధి. నేను పుట్టకముందే ఏదో తగాదా వచ్చి రెండు వీధులూ రెండు పార్టీలయ్యాయి. పై వీధి వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదని మాకు ఉగ్గుపాలతోనే నేర్పారు. రచ్చకట్ట వైపు రెండడుగులు వేస్తే చాలు, ప్రతి అరుగు మీది నుంచీ ఒక గొంతు లేచేది: "యాడికి పోతాండావు మే?" ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

బడిలో మాత్రం నా పక్కన కూర్చునేది పై వీధి నాగవేణి. నేను తెచ్చిన చింతకాయలో సగం ఆమెకు, ఆమె తెచ్చిన శెనక్కాయల్లో సగం నాకు. సాయంత్రం గంట కొట్టాక ఆమె దారి ఆమెది, నా దారి నాది. ఏడాదికి ఒక్క పంద్రాగస్టు నాడే మా దారులు కలిసేవి. ముందురోజే జొన్నదంట్లకు కాగితం జెండాలను అన్నం మెతుకులతో అంటించుకునేవాళ్లం. మా అవ్వ నా తెల్లజాకెట్టును నీలిమందులో ముంచి ఆరేసి, నిప్పులు పోసిన రాగిచెంబుతో ముడతలన్నీ పోయేదాకా రుద్దేది. మా బడి మస్తాన్ సారు ఏ పార్టీకీ చెందని మనిషి కాబట్టి, ఆయన ముందు నడిస్తే రెండు వీధుల వాళ్లూ దారిచ్చేవాళ్లు. గాలికి జెండాలు పటపటలాడుతుంటే, గొంతులు బొంగురుపోయేలా జైకొడుతూ పై వీధి కొసదాకా పోయేవాళ్లం. ఆ పూట నన్ను యాడికని అడిగినవాళ్లు లేరు. స్వాతంత్ర్యమంటే ఏమిటని నన్నడిగుంటే, పై వీధిలో నడవటం అని చెప్పేదాన్ని.

నాలుగో తరగతిలో ఉండగా, ఊరేగింపు వెనక్కి తిరిగేచోట నాగవేణి నా చెయ్యి పట్టుకుని వాళ్లింట్లోకి లాక్కుపోయింది. వాళ్లమ్మ నన్ను చూసి గడపలోనే ఆగిపోయింది. నేనెవరి బిడ్డనో ఆమెకు తెలుసు. కాసేపటికి పీట వేసి, "వచ్చినావు కదా, కూచో మే. వేడిగా ఉండాది, ఊదుకుని తిను," అంది. ఆ ఉగ్గాని రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. ఆత్రంలో పిడికెడు జాకెట్టు మీద పోసుకున్నాను.

ఇల్లు చేరగానే అవ్వ ఆ పసుపు మరక చూసింది. "యాడ తిన్యావే? మీ నాయన వచ్చాడంటే కొంప మునుగుతాది!" అంటూ జాకెట్టు విప్పించే తీరిక కూడా లేక, నన్ను బండ దగ్గర నిలబెట్టి నీళ్లు చల్లి సబ్బు రుద్దింది. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో అంత వయసొచ్చిన మనిషికి తెలియక కాదు, భయంలో మరిచిపోయింది. మరక నా రొమ్ము మీద నెత్తురులా ఎర్రగా పాకింది. సరిగ్గా అప్పుడే నాయన ఇంకో ఇద్దరితో వాకిట్లోకి వచ్చాడు.

"ఎవరు కొట్టినారు పాపా? పై వీధోల్లేనా?" అంటూనే గోడవారనున్న కట్టె అందుకున్నాడు. "పసుపప్పా అది, సబ్బు తగిలి ఎర్రగయింది," అని అవ్వ మొత్తుకుంటున్నా ఆయన చెవికెక్కలేదు. వెంట వచ్చినవాళ్లు అప్పటికే వీధిలోకి తిరిగారు. నేను గట్టిగా అరిచాను: "నాగవేణి వాళ్లమ్మ ఉగ్గాని పెట్టింది నాయనా! నేనే తిన్యా!"

నాయన నా దగ్గరికొచ్చి వంగి, జాకెట్టు వాసన చూశాడు. కట్టె తీసిన చోటే పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయాడు.

ఆ రోజు కొట్లాట తప్పింది. కానీ పై వీధిలో నాగవేణి వాళ్లమ్మకు శానా మాటలు పడ్డాయట. మరుసటి రోజు నుంచి నాగవేణి వేరే వరసలో కూర్చుంది. పైయేడు రెండు పార్టీల పెద్దలూ సారుకు చెప్పి ఊరేగింపును రచ్చకట్ట దగ్గరే తిప్పించారు. ఎందులోనూ కలవనివాళ్లు ఆ ఒక్కదానికి కలిశారు. ఆరో తరగతికి నన్ను కర్నూలు హాస్టల్లో వేశారు.

మొన్నామధ్య ఊరికి పోయాను. పార్టీలు లేవు, రెండు వీధులకూ ఒకటే సిమెంటు రోడ్డు. అరుగులన్నీ కొట్టేశారు. రచ్చకట్ట దాటి పై వీధి కొసదాకా నడిచినా పలకరించిన గొంతు లేదు. నాగవేణి ఇంటికి తాళం వేసి ఉంది. ఆమె మైదుకూరు వైపు కాపురానికి పోయిందని మాత్రం తెలిసింది, ఏ ఊరో చెప్పేవాళ్లు లేరు.

సందు చివర బండి ఆమె "ఒక ప్లేటేనా అక్కా?" అని అడిగింది. ఒకటే అన్నాను. నిలబడి తింటుంటే తెల్లచీర మీద కొంచెం పడింది. తుడుచుకోలేదు. ఇంటికి పోతే ఎక్కడ తిన్నావని అడిగేవాళ్లు లేరు. ఒక్కరైనా అడిగితే, ఈసారి కూడా గట్టిగానే చెప్పేదాన్ని.