జెట్ స్కీకి తాకట్టుపడ్డ పాస్‌పోర్టు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, మే నెల రెండో వారంలో, ఇరవై ఆరుగురు పురుగుమందుల డీలర్లను థాయ్‌లాండ్ తీసుకెళ్ళే డ్యూటీ నాకు పడింది. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు. నా హోదా టూర్ మేనేజరు. హోదా పెద్దది, పని చిన్నది. బస్సెక్కేటప్పుడు తలలు లెక్కపెట్టాలి, దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాలి, తగ్గిన తల ఏ కొట్లో బేరమాడుతోందో వెతకాలి. తొమ్మిదో తరగతిలో బడికి దండం పెట్టి, గుంటూరు నుంచి కాశీకి వెళ్ళే యాత్రా బస్సులో క్లీనరుగా చేరినవాణ్ణి. లెక్కల పరీక్ష ఏనాడూ పాసవలేదు గానీ తలల లెక్క మాత్రం తప్పలేదు.

డీలర్లకు విదేశీ యాత్ర ఏమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకూ పత్తికీ కొట్టే మందులు కంపెనీ నుంచి డీలరుకూ, డీలరు నుంచి రైతుకూ చేరతాయి. సీజన్లో టార్గెట్ దాటిన డీలరును కంపెనీ విమానం ఎక్కిస్తుంది. మేలో కొట్ల దగ్గర ఈగలు తోలుకోవడం తప్ప పనుండదు కాబట్టి ఆ నెలంతా బ్యాంకాక్ వీధుల్లో "ఒరేయ్" అన్న కేక వినపడుతూనే ఉంటుంది. పురుగు మిరపను ఎంత తింటే డీలరు అంత దూరం వెళ్తాడని మా ట్రావెల్స్ ఆఫీసులో చెప్పుకునేవాళ్ళం.

అక్కడి చట్టం ప్రకారం గైడ్ పని అక్కడివాళ్ళే చెయ్యాలి. బస్సు లోపల మాట నాది, బస్సు దిగాక మాట గైడుది. మా గైడ్ పేరు నిడ. నలభై దాటిన మనిషి. నా ఇంగ్లీషుకు అందేంత నిదానంగా మాట్లాడేది.

మొదటి రోజు ఎయిర్‌పోర్టు నుంచి హోటలుకు పోయేలోగా మేనేజరు చెయ్యాల్సిన పని ఒకటుంది. దాన్ని బ్రీఫింగ్ అంటారు, అంటే జాగ్రత్తలు చెప్పడం. పాస్‌పోర్టు ఇమిగ్రేషన్ కౌంటర్లోనూ హోటల్ రిసెప్షన్లోనూ తప్ప ఎవరి చేతికీ ఇవ్వకూడదు. అది గది లాకర్లో ఉండాలి, జేబులో జిరాక్సు ఉండాలి. గుడి ఇవాళ మూసేశారు, ఇంకో మంచి చోటు చూపిస్తానని ఎదురొచ్చేవాడి వెంట పోకూడదు. మీటరు వెయ్యని టాక్సీ ఎక్కకూడదు. జెట్ స్కీ, అంటే నీళ్ళ మీద నడిచే స్కూటరు, అద్దెకు తీసుకుంటే ముందే నాలుగు వైపులా ఫోటో తియ్యాలి. తిరిగొచ్చాక పాత గీతకు కొత్త ధర చెప్పేవాళ్ళుంటారు.

ఇవన్నీ పొడిపొడిగా చెబితే నా పేరుకే మచ్చ. "మీ పాస్‌పోర్టూ మీ ఆవిడ నగలూ ఒకటేనండీ, ఒక్కసారి చూసిస్తానన్నవాడికి ఇవ్వకండి" అన్నాను. "జెట్ స్కీ ఎక్కేముందు సంతలో గేదెను చూసినట్టు చుట్టూ తిరిగి చూడండి, కుదిరితే పళ్ళు కూడా లెక్కపెట్టండి" అన్నాను. బస్సు ఊగిపోయింది. వెనక సీటు నుంచి ఈలలు కూడా వేశారు. ఉద్యోగధర్మం నెరవేర్చానని మైకు కట్టేశాను.

నాలుగో రోజు శనివారం, పట్టాయాలో ఉన్నాం. ఆదివారం మధ్యాహ్నం తిరుగు విమానం. శనివారం భోజనానికి తలలు లెక్కపెడితే ఇరవై నాలుగే వచ్చాయి. తగ్గిన రెండు తలల్లో ఒకటి మార్టూరు దగ్గర కొట్టున్న కోటేశ్వరరావు గారిది, రెండోది పిడుగురాళ్ల డీలరు బ్రహ్మయ్య గారిది. ఇద్దరూ ఒకే ఏడు లైసెన్సు తీసుకున్నవాళ్ళు. ఆనాటి నుంచీ ఒకరినొకరు ఏడిపించుకోవడమే కాలక్షేపం.

ఇంతలో బ్రహ్మయ్య గారి ఫోను. "సాంబయ్యా, తొందరగా రావయ్యా. మావాడు నీళ్ళలో మునగలేదు గానీ గట్టుకొచ్చాక మునిగాడు."

నిడనూ వెంటబెట్టుకుని బీచికి పరిగెత్తాను. ఒడ్డుకు లాగిన జెట్ స్కీ, దాని అడుగున జానెడు గీత, పక్కన పూల చొక్కా వేసుకున్న యజమాని. గీతకు నలభై వేల బాత్‌లు అడుగుతున్నాడు, మన డబ్బుల్లో లక్ష దగ్గర. కోటేశ్వరరావు గారి పాస్‌పోర్టు అతని నడుముకున్న సంచిలో, జిప్పు లోపల ఉంది.

"లాకర్లో పెట్టమన్నాను కదండీ, ఎందుకిచ్చారు?" అన్నాను.

"అడిగాడయ్యా, ఇచ్చా."

"అడిగితే ఇచ్చేస్తారా?"

"వస్తువిచ్చేవాడు కాయితం అడగడా? నా కొట్లో నేనడగనా?" అని నన్నే గద్దించారు.

ఆ మాట అర్థం కావాలంటే మా వైపు పద్ధతి తెలియాలి. డీలరు రైతుకు మందులు అరువిస్తాడు. హామీగా రైతు తన పట్టాదారు పాస్‌పుస్తకం తెచ్చి డీలరు చేతిలో పెడతాడు. పుస్తకం బీరువాలో ఉన్నంత మాత్రాన డీలరుకు చట్టం ఇచ్చే హక్కేమీ లేదు. రైతుకు మాత్రం పొలమే బీరువాలోకి వెళ్ళిపోయినట్టుంటుంది. కోటేశ్వరరావు గారి బీరువాలో ముప్పై ఏళ్ళుగా అలాంటి పుస్తకాలు వరసగా ఉన్నాయి. అందుకని పాస్‌పోర్టు అడిగినవాడు ఆయన కంటికి మోసగాడిలా కనపడలేదు, పద్ధతి తెలిసిన వ్యాపారిలా కనపడ్డాడు. అడక్కుండా బండి ఇచ్చి ఉంటేనే అనుమానించేవారట.

"మావాడు నన్నూ ఇమ్మన్నాడు సాంబయ్యా, ఇస్తే మర్యాదగా ఉంటదని," అని బ్రహ్మయ్య గారు అందుకున్నారు. "నాకు నీళ్ళంటే భయం కాబట్టి బతికా."

"ఒరేయ్, నువ్వు నోర్ముయ్."

పాస్‌పోర్టు చేతికి రాకపోతే ఏమవుతుందో ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. పోలీసు రిపోర్టు కావాలి. దాంతో బ్యాంకాక్‌లో మన రాయబార కార్యాలయానికి వెళ్ళాలి, అది సోమవారం దాకా తెరవరు. అక్కడ ప్రయాణానికి అత్యవసర పత్రం, తర్వాత ఇమిగ్రేషన్లో ముద్ర, ఆపైన కొత్త టికెట్టు. ఎంత పరిగెత్తినా బుధవారంలోపు ఇల్లు చేరరు.

ఆయన ఇసకలో కూలబడ్డారు. మంగళవారం పొద్దున గుంటూరు బ్రాడీపేటలో ఆయన భార్యకు పిత్తాశయం ఆపరేషన్ అని అప్పుడు తెలిసింది.

"నా టూరు అయ్యాక చేయించుకుందువులే అని నేనే వెనక్కి జరిపించానయ్యా. నెల్రోజుల్నుంచి కడుపు పట్టుకునే వండి పెడతంది. సముద్రంలో స్కూటరు తోలతా చిక్కుకుపోయా, నువ్వు ఒక్కదానివే లోపలికెళ్ళు అని ఏ మొహంతో చెప్పేది?"

ఇంతటితో ఆగితే బాగుండేది. దిగ్గున లేచి, పక్క ఊరిదాకా వినపడే గొంతుతో పూల చొక్కాను తగులుకున్నారు. అరుపులకు అతని తాలూకు మనుషులు నలుగురు చేరారు. మా వైపు గొంతు పెద్దదైతే న్యాయం ఉన్నట్టు. అక్కడ గొంతు లేచిందంటే ఓడిపోయినట్టు. నవ్వమని ఆయన చెవిలో చెప్పాను.

"నవ్వాలా? ఈణ్ణి చూసి?"

"కంపెనీవాళ్ళు టార్గెట్ పెంచినప్పుడు నవ్వుతారు చూడండి, అట్లా నవ్వండి."

నవ్వారు. చూడ్డానికి భయంగా ఉంది గానీ చేరినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

నిడ టూరిస్టు పోలీసులకు ఫోను చేసింది. వాళ్ళు వచ్చేలోగా పాస్‌పోర్టు ఇచ్చెయ్యమని యజమానిని అడిగింది. అతను సంచి తట్టి ఏదో చెప్పాడు. ఆమె దాన్ని ఇంగ్లీషులో నాకు చెబితే, నేను తెలుగులో ఈయనకు చెప్పాను. "పుస్తకం భద్రంగా ఉంది, ఎక్కడికీ పోదు. డబ్బు తెచ్చి పట్టుకుపొమ్మంటున్నాడండి."

కోటేశ్వరరావు గారి నవ్వు ఆగిపోయింది. "ఇది నా మాటేనయ్యా" అన్నారు. "అచ్చం ఇట్లాగే అంటాను నేను."

ఈసారి ఏదో ఒకటి అంటారని బ్రహ్మయ్య గారి వైపు చూశాను. ఆయన సముద్రం వైపు తిరిగి, "నేనూ అంటాలే" అన్నారు.

పోలీసు అధికారి వచ్చి అందరినీ స్టేషనుకు తీసుకెళ్ళాడు. అక్కడ నేను అడిగింది ఒకటే: ముందు పాస్‌పోర్టు మీ టేబుల్ మీద పెట్టించండి, తర్వాతే మాటలు. పాస్‌పోర్టు యజమాని సంచిలో ఉన్నంతసేపూ బేరం మనిషి మీద నడుస్తుంది. టేబుల్ మీదకొస్తే గీత మీద నడుస్తుంది. అధికారి వేలు చూపించాడు, జిప్పు తెరుచుకుంది.

ఫోటోలేవి అని అధికారి అడిగాడు. ఫోటోలు లేవు. బ్రహ్మయ్య గారు డీలర్ల వాట్సాప్ గ్రూపుకు పంపడానికి తీసిన వీడియో ఒకటుంది. అందులో సగం ఆయన బొటనవేలు, మిగతా సగం "చూడండ్రా, మార్టూరు తిమింగలం!" అన్న వ్యాఖ్యానం. బండిని నీళ్ళలోకి తోసేచోట రెండు క్షణాలు అడుగుభాగం కనిపించింది, గీతతో సహా. అధికారి మూడుసార్లు చూశాడు. రెండుసార్లు గీత కోసం, మూడోసారి కోటేశ్వరరావు గారు బోర్లాపడ్డ దృశ్యం కోసం. అది వేరే గీత అని యజమాని వాదించాడు. అధికారి అతనితో థాయ్ భాషలో చాలాసేపు మాట్లాడాడు. నిడ ఒక్క ముక్కలో చెప్పింది: గొడవ పెంచకుండా ఏదైనా కొంత ఇచ్చి వెళ్ళమంటున్నారని. రెండు వేల బాత్‌లు ఇచ్చి, రసీదు రాయించుకుని బయటపడ్డాం. దాన్ని గెలుపు అని నేను ఆఫీసులో కూడా చెప్పుకోలేదు.

పాస్‌పోర్టు చేతికొచ్చాక ఆయన దాన్ని వదిలితే ఒట్టు. భోజనం కూడా ఎడమచేత్తో దాన్ని పట్టుకునే చేశారు. మర్నాడు ఇమిగ్రేషన్ కౌంటర్లో అధికారి ఆయన వేళ్ళ మధ్య నుంచి లాక్కోవాల్సి వచ్చింది.

విమానాశ్రయానికి వెళ్తూ బస్సులో అడిగాను. "మొదటి రోజే చెప్పాను కదండీ, పాస్‌పోర్టు సంగతీ, జెట్ స్కీ సంగతీ?"

"చెప్పావయ్యా. కడుపుబ్బ నవ్వాం. అది కూడా జోకే అనుకున్నా."

పక్కనుంచి బ్రహ్మయ్య గారు గేదె పళ్ళ జోకు మొత్తం ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పారు. ఫోటో తియ్యాలన్న ముక్క మాత్రం అందులో లేదు.

మంగళవారం మధ్యాహ్నం బ్రాడీపేట ఆస్పత్రి వరండా నుంచి కోటేశ్వరరావు గారు ఫోను చేశారు. ఆపరేషన్ కాయితాల మీద సంతకం పెట్టానని, ఆవిడ బాగానే ఉందని, జెట్ స్కీ సంగతి ఇంకా చెప్పలేదని, నన్నూ చెప్పొద్దని. ఆ శీతాకాలంలో ఆయన కొట్టుకు వెళ్ళాను. పుస్తకాలు ఇంకా తీసుకుంటూనే ఉన్నారు. కాకపోతే ఎవరి పుస్తకం ఏ రోజు తీసుకున్నదీ చీటీ రాసి రైతు చేతికిస్తున్నారు. అప్పటిదాకా అదీ లేదు.

నేను నేర్చుకున్నవి రెండు. పరాయి దేశంలో మోసపోయేవాడు అమాయకుడని అంతకుముందు అనుకునేవాణ్ణి. నిజానికి మనిషి తన వృత్తిలో దేన్ని పద్ధతి అనుకుంటాడో అక్కడే పడతాడు. అందుకని తర్వాతి ప్రతి గ్రూపునూ, మీ వ్యాపారంలో నమ్మకం కోసం ఏం ఇచ్చిపుచ్చుకుంటారని ముందే అడిగి తెలుసుకున్నాను. రెండోది, నవ్వించినవాణ్ణి గుర్తుపెట్టుకుంటారు, చెప్పినదాన్ని కాదు. సర్వీసులో మిగిలిన రెండేళ్ళూ బస్సులో మొదటి పది నిమిషాలు జోకు వెయ్యలేదు. మూడు జాగ్రత్తలు చెప్పి, ఒక్కొక్కరి చేతా తిరిగి చెప్పించుకున్నాను. టూర్ మేనేజరు బడిపంతుల్లా విసిగించాడని ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో రాశారు, నా మార్కులు తగ్గాయి. తిరుగు విమానం దగ్గర పాస్‌పోర్టులు మాత్రం ప్రతిసారీ తలలకు సరిపోయాయి.