మా ఆరు పెట్టలూ, వాటి కూతలూ

మా అమ్మకు పంతం వచ్చిందంటే నాన్న షిఫ్టు మార్పించుకుని మరీ తప్పించుకునేవారు. ఆ ఏడాది పంతం గుడ్ల మీదికి వచ్చింది.

విశాఖపట్నం పోర్టు క్వార్టర్స్‌లో మా పక్కింటామెది పద్మనాభం ఊరి వైపు పల్లె. ఆమె పెంచే నాటుకోడి గుడ్లే మేమూ కొనేవాళ్లం. ఓసారి ఒకటి మురిగిపోయింది. నాన్న డ్యూటీకి వెళ్లే వేళకు పెనం మీద కొట్టిన ఆ గుడ్డు కంపు వీధి చివరిదాకా పోయింది. మాటా మాటా పెరిగింది. "ఇక మీ గుడ్డు ముట్టుకుంటే ఒట్టండీ!" అని అమ్మ గోడ మీదుగా శపథం చేసి, మర్నాడే గోపాలపట్నం వెళ్లి ఆరు కోడిపిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చింది. లెగ్‌హారన్ అనే సీమజాతట, అన్నీ పెట్టలేనట. దుకాణంవాడు దేవుడి పటం వైపు చూసి మరీ చెప్పాడట.

పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది. "ఏటి వదినా, పిల్లల్ని కొన్నావా? కాళ్లు సూడు ఎంత లావున్నాయో. ఇయన్నీ పుంజులే!"

అమ్మ వినపడనట్టు నూకలు చల్లింది గానీ, లోపలికొచ్చి నాన్నను పట్టుకుంది.

నాన్నది గోదావరి జిల్లా. పుంజును చూసి జాతకం చెప్పే ఊళ్లో పెరిగిన మనిషి. డేగ, కాకి, నెమలి అంటూ పందెం పుంజుల రకాలన్నీ ఆయనకు నోటికొచ్చు. ఒక్కో పిల్లనూ అరచేతిలో పెట్టుకుని, రెక్క విప్పి, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, తీర్పు చెప్పారు.

"ఇది డేగా కాదు, కాకీ కాదు, నెమలీ కాదు. ఇలాంటి పుంజును నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. కాబట్టి పెట్టలే."

ఆ తర్కానికి మా ఇంట్లో ఎదురు లేదు. ఆయన జన్మలో ఒక్క పెట్టనైనా శ్రద్ధగా చూసిన పాపాన పోలేదని నాకు చాలా కాలం తర్వాత గాని తట్టలేదు.

పిల్లలు తెల్లబడ్డాయి, జుట్లు ఎర్రగా పెరిగాయి. సీమజాతి పెట్టలకు అంతేనంది అమ్మ. తోకలు వంపు తిరిగాయి. బలమైన తిండి అంది. ఓ తెల్లవారుజామున అన్నిటికన్నా పెద్దది మెడ సాచి బొంగురుగా కూసింది. గొంతులో నూక అడ్డం పడిందని అమ్మ దాని నోట్లో నీళ్లు పోసింది. అది ఇంకా గట్టిగా కూసింది. కొద్దిరోజుల్లో ఆరూ అందుకున్నాయి. గోడ అవతల పక్కింటామె నవ్వు ఆపుకోలేక దగ్గేది. అమ్మ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేది. గుడ్లు లేవని కాదు, అమ్మ ఆమె ముందు ఓడిపోవడం నాకు ఇష్టం లేదు.

అలాంటిది ఓ మధ్యాహ్నం అమ్మ గూట్లో చెయ్యి పెట్టి కేక వేసింది. గుడ్డు! ఇంకా వెచ్చగా ఉంది. అరచేతిలో పెట్టుకుని గోడ దగ్గరికి పరుగెత్తింది.

"చూశారా వదినగారూ! పుంజులన్నారుగా!"

పక్కింటామె గుడ్డు వైపు చూసింది. అది చిన్నగా, గోధుమరంగులో ఉంది. అంతలో ఆమె నాటుపెట్ట మా గూటి వెనక నుంచి అరుచుకుంటూ వచ్చింది. దాని వెంట మా ఆరూ పెళ్లివారిలా వరసగా నడిచాయి.

"మా పెట్ట ఏటైపోయిందా అని పొద్దున్నించీ ఎతుకుతన్నాను వదినా" అంది ఆమె మెల్లగా.

అమ్మ సిగ్గుతో తల దించుకుని గుడ్డు ఇవ్వబోయింది. ఆమె తీసుకోలేదు. "నీ గూట్లో ఎట్టింది, నీదే. ఉంచు."

అమ్మ గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "మురిగింది కాదు కదా వదినగారూ?"

"పుంజు ఎట్టిన గుడ్డు మురగదు వదినా!"

గోడకు ఆపక్కా ఈపక్కా ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న నాన్న ఆ గోలకు లేచి వచ్చారు. అమ్మ చేతిలో గుడ్డు చూసి, "నే చెప్పలా, పెట్టలేనని!" అన్నారు.