గుంజుడు బండి

ఆ రోజుల్లో మా సిద్దిపేట వైపు రోడ్డు ఉందంటే దాని మీద ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారనే అర్థం. ప్రత్యేక రాష్ట్రం కోసం ఒకనాడు రాస్తారోకో, ఇంకోనాడు వంటావార్పు, మరునాడు నడిరోడ్డు మీదే బతుకమ్మ. నేనూ వెళ్లి కూర్చునేవాణ్ణి. చిక్కల్లా నా ఉద్యోగంతోనే. ఊరూరా తిరిగి ఎదకు వచ్చిన బర్రెలకు సూది వేయడం నా పని (కాగితాల్లో కృత్రిమ గర్భధారణ అని రాసేవారు, ఊళ్లలో మాత్రం నేను ‘సూదుల పిలగాడి’నే). ఎదకు వచ్చిన బర్రె, బంద్ ముగిసేదాకా ఆగదు కదా. అందుకని పొలం గట్లూ, ఎడ్లబండ్ల బాటలూ పట్టుకుని పోయేవాణ్ణి. నాది మామూలు ఫోర్‌స్ట్రోక్ బండి. నల్లరేగడి తడిసిందంటే కదిలేది కాదు. నంగునూరు దగ్గరున్న మా మేనత్త బర్రెకైతే ప్రతిసారీ ఆలస్యంగానే చేరేవాణ్ణి. చూలు నిలిచేది కాదు. మేనత్త బర్రెకే న్యాయం చేయలేనివాడు ఊళ్లోవాళ్ల బర్రెలకేం చేస్తాడని మా మామ నలుగురిలో అనేవాడు.

ఇక లాభం లేదని మెకానిక్ చాచా దగ్గరికి పోయాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, చైను తిప్పే పళ్లచక్రం, అదే స్ప్రాకెట్ మీద చెయ్యి పెట్టాడు. “చూడు బేటా, ఇంజన్ గదే, తాకత్ గంతే. వెనక చక్రానికి పండ్లు ఎక్కువైతే గుంజుతది, తక్కువైతే ఉరుకుతది. నీకు గుంజుడు కావాల్నా, ఉరుకుడు కావాల్నా?” అన్నాడు. “రెండూ కావాలె చాచా” అన్నాను. “గట్లయితే రెండు బండ్లు కొనుక్కో” అన్నాడు. ముందు స్ప్రాకెట్‌కు ఒక్క పన్ను తగ్గిస్తే వెనక మూడు పెంచినట్టేనని, మొదట అంతవరకు చేసి చూడమని చెప్పాడు. వయసులో ఉన్నవాడికి అంత నిదానం ఎక్కడిది? ముందు ఒకటి తగ్గించి, వెనక ఆరు పెంచి, చైను కూడా పొడుగుది వేయించాను. బండి గట్లు మేకలాగా ఎక్కసాగింది. కానీ తారురోడ్డెక్కి నలభై దాటిందంటే చాలు, ఇంజన్ ఏడుపు ఊరంతా వినబడేది. ఒకసారి మోపెడ్ మీద ఒక పెద్దాయన వెనకాల వాళ్ల అవ్వను ఎక్కించుకుని నన్ను దాటిపోయాడు. ఆ అవ్వ కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూస్తూనే ఉంది.

ఈ బండికి ఒక గౌరవం దక్కింది. నాతో బడిలో చదువుకున్న మైకన్న (నినాదాలన్నీ వాడే ఇచ్చేవాడు కాబట్టి ఆ పేరు) నంగునూరుకు బైక్ ర్యాలీ పెట్టాడు. “ముందటోళ్లు ఉరుకుతున్నరు, వెనకటోళ్లు తప్పిపోతున్నరు. ఎంతమందిమి పోయినా ఊరోళ్లకు పదిమందే కనవడుతున్నరు. నీ బండి ఎట్లయినా ఉరకది. నువ్వే ముందు నడువురా” అన్నాడు. పొగిడాడో తిట్టాడో తేల్చుకునేలోపే, వెనక కట్టిన నా నైట్రోజన్ క్యాన్‌కు (వీర్యం చల్లగా నిలవ ఉండేది అందులోనే) జెండా కట్టేశారు.

నంగునూరు ఇంకా రాకముందే అత్త ఫోన్ చేసింది. “అల్లుడా, బర్రె ఎదకొచ్చి పొద్దటి సంది ఒర్రుతాంది. మీ మామ బేరగాన్ని తోలుకొచ్చిండు. నువ్వు రాకపోతే ఇయ్యాల్నే తాడు ఇప్పుతడట” అంది. ఆమె గొంతు వణికింది. దూడప్పుడు తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి సాకిన బర్రె అది. చెప్పిపోదామంటే మైకన్న అందరికంటే వెనక, ఆటోలో మైకు ముందున్నాడు. అరిచినా వినబడదు. మెల్లగా తప్పుకుంటే మిగతావాళ్లు తిన్నగా పోతారులే అనుకుని అత్త వాళ్ల ఊరి బండ్ల బాటకు తిప్పాను. కొంత దూరం పోయి అద్దంలో చూద్దును కదా, ర్యాలీ మొత్తం నా వెనకే వస్తోంది! ముందు పోలీసులు అడ్డం ఉన్నారని, నాకు దొడ్డిదారి తెలుసని అనుకున్నారట. ఆగి చెబుదామంటే ఎద దాటిపోతుందేమోనని భయం. ఆగలేదు. నా బండి మొదటి గేరులో బురదను చీల్చుకుంటూ పోయింది. ఉరుకుడు బండ్లన్నీ దిగబడిపోయాయి. పాపం, వాటిని నెట్టుకుంటూ, చెప్పులు చేతబట్టుకుని అందరూ నా వెంటే వచ్చారు.

అత్త వాకిట్లో నిలబడి నోరు తెరిచింది. “ఒక్క బర్రెకు గింతమందా అల్లుడా?” జెండాలు చూసిన బేరగాడు చందా కోసం వచ్చారనుకుని జేబు పట్టుకుని పెరటి దారిన జారుకున్నాడు. మామకు తోచింది వేరు. చేతిలో తాడుతో అత్తవైపు తిరిగి, “బర్రెనమ్ముతా అంటే రాస్తారోకో పెట్టిస్తవానే? ఉండనీ తియ్, నేనమ్మను పో!” అన్నాడు. “అన్నలారా, జర లొల్లి ఆపున్రి, బర్రె బెదురుతది” అని నేను బతిమాలితే, ఎవరు చెప్పినా ఆపని నినాదాలు అక్కడ ఆగిపోయాయి. అంతమంది ఊపిరి బిగబట్టి చూస్తుంటే సూది వేయడం నాకు ఉద్యోగంలో అదే మొదలు, అదే ఆఖరు. మైకన్న మోకాళ్లదాకా బురదతో వచ్చి, “నంగునూరుల పోలీసోళ్లు మనకోసం ఎదురుచూస్తున్నర్రా!” అని నెత్తి కొట్టుకున్నాడు. ఆనాటి వంటావార్పు అత్త వాకిట్లోనే జరిగింది.

మూడు నెలలకు పరీక్ష చేయడానికి పోయాను. నేను చెయ్యి పెట్టి చూస్తున్నంతసేపూ అత్త గోడవైపు తిరిగి నిలబడింది. “నిలిచింది అత్తా” అన్నాను. ఆమె పోయి బర్రె మెడ పట్టుకుని ఏడ్చింది. మామ కూడా అక్కడే ఉన్నాడు కానీ, అతనికి ఉన్నట్టుండి గడ్డి తేవాలని గుర్తొచ్చింది.

అంతమందికి ముందు నడిచానని ఆ తర్వాత చాలాకాలం గొప్పలు చెప్పుకున్నాను. నిజానికి నేను ఎవరినీ నడిపించలేదు, అత్త గొంతు వణికితే భయపడి పరిగెత్తానంతే. ఇప్పుడు రోడ్లు బాగున్నాయి, నా బండీ ఉరుకుతుంది, అంత ఆదరాబాదరాగా చేరాల్సిన వాకిలే లేదు. నలభై మీద ఏడ్చే బండితో ఊరేగిన ఆ పిలగాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం ఈర్ష్య కూడా కలుగుతుంది.